పెళ్లికాని కనుబొమలు

దుషన్‌బే, నూలుమిల్లు హాస్టల్
ఏప్రిల్ చివరివారం

నా కనుబొమలు పీకింది నువ్వు. అందరి ముందూ "నాకేం తెలుసు, అక్కడి నుంచే అలా వచ్చింది" అన్నదీ నువ్వే. సలాములూ కుశలప్రశ్నలూ తర్వాత చూసుకుందాం, సనోబర్ వదినా. ముందు ఈ రెండు మాటలూ చదువు. చదివి మళ్లీ చదువు.

నువ్వు మర్చిపోయినట్టు నటిస్తావని తెలుసు కనక జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. నేను ఏడో తరగతిలో బడి మానేసి పత్తి చేలోకి పోయినదాన్ని. రొట్టె చుట్టి ఇచ్చిన పేపరు ముక్కలు చదివి ఉత్తరాలు రాయడం నేర్చుకున్నదాన్ని. వంకరగా రాయడం నాకెవరూ నేర్పలేదు.

నేను రైలు దిగి ఇంటికొచ్చిన మర్నాడు. అమ్మ మడిలోంచి కనుబొమలకి రంగు పట్టే లేత ఉస్మా ఆకు కోసుకొచ్చి నా ఒళ్లో పోసింది. "మిల్లు దూదంతా నీ మొహానికే అంటుకుందే పిల్లా! కాస్త పసరు రాసుకుని మనిషిలా తయారవ్వు" అని, రొట్టెలు కాల్చడానికి పక్కింటికి వెళ్లింది. నువ్వు ఆకు అరచేతిలో నలిపావు. టీ తాగే పియాలా బోర్లించి దాని అడుగు గుంటలోకి పసరు పిండావు. అగ్గిపుల్లకి దూది చుట్టావు. అంతవరకూ అంతా ప్రతి వసంతంలోనూ ప్రతి ఇంట్లోనూ జరిగేదే. అప్పుడు అన్నావు: "కింద రెండు వెంట్రుకలు తీసేస్తే గీత సూటిగా వస్తుంది. రెండే. పసరు కింద ఎవరికి కనబడతాయి?"

దారం ఎక్కడి నుంచి తెచ్చావు? లేచి వెళ్లలేదు. నీ జేబులోనే ఉంది.

నీ ఒళ్లో తల పెట్టుకుని కళ్లు మూసుకున్నాను. దారం కొస నీ పళ్ల మధ్య బిగపట్టి ఉంది. మాటలు ముక్కుతోనే పలికాయి. "అయ్యో, ఇటు పల్చబడింది. అటు సమం చేస్తా." తర్వాత "అటు ఎక్కువ పోయింది, ఇటు చూద్దాం." పిల్లులకి రొట్టె పంచిన కోతిలాగా అటొకటి ఇటొకటి లాగుతూ పోయావు. చివరికి ఏం మిగిలిందో నీకూ తెలుసు. పైన పసరు పూస్తే ఆకుపచ్చగా అలికినట్టయి ఆ రోజు గడిచిపోయింది.

మర్నాడు ఆడవాళ్ల కూడిక. పసరు కడిగేశాక నలుపు నిలిచింది, దాంతోపాటు నీ పనీ నిలిచింది. హమ్రో ముసలమ్మ నా గడ్డం పట్టుకుని మొహం వెలుగులోకి తిప్పింది. "ఏమే హోసియత్, పులావు మాకు పెట్టకుండానే కానిచ్చేశారా? ఏడీ పెళ్లికొడుకు, మూటలో ఉన్నాడా?" ముందు అందరూ నవ్వారు. తర్వాత ఎవరూ నవ్వలేదు. మన పేటలో పెళ్లయ్యాకే ఆడపిల్ల నుదుటికి దారం తగులుతుంది. ఆ మొదటి దారం వేసే చెయ్యి అమ్మది. ఏ ఇంట కొత్త పెళ్లికూతురొచ్చినా, ధూపం వేసి, మొహానికి బూడిద అద్ది, మొదటి వెంట్రుక తీసేది మా అమ్మ. నీకూ తనే తీసింది. అలాంటి మనిషి కూతురి మొహం అది.

అమ్మ నీ వైపు చూసింది. నువ్వు రొట్టె తుంచుతూ ఆ "నాకేం తెలుసు" మాట అన్నావు. తల కూడా ఎత్తలేదు.

అమ్మ నన్ను కొట్టలేదు. నా తలగుడ్డ కళ్ల దాకా లాగి ముడేసింది. అంతే. రైలెక్కేదాకా మళ్లీ మాట్లాడలేదు.

నువ్వు అమ్మకి నిజం చెప్పాలి. పేటంతా అక్కర్లేదు, ముందు అమ్మకి. చెప్పానని నాకు రాయి. అంతవరకూ నీకు నా సలాము లేదు.

హోసియత్


కానిబదామ్
మే మొదటివారం

మా ఇంటి వెలుగు, మరదలు హోసియత్‌కు వదిన సనోబర్ వేవేల సలాములతో రాసేది. మేమంతా క్షేమం. నువ్వూ క్షేమంగా ఉన్నావనీ, వేళకి తింటున్నావనీ తలుస్తాను. మీ అన్నయ్య మన్నోన్ ట్రాక్టరు పని మీద చేలలోనే పడుకుంటున్నారు. అత్తయ్య ఆరోగ్యం బాగానే ఉంది. మోకాలికి వెల్లుల్లి నూనె మర్దన చేస్తున్నాను. తను కూడా నీకు సలాములు చెప్పమని...

ఇక్కడ ఆగాను. అత్తయ్య సలాము చెప్పమనలేదు. అది నేను కలిపింది. కొట్టేస్తే కాగితం పాడవుతుందని ఉంచేశాను.

పట్టుపురుగులు ఇల్లంతా ఆక్రమించుకున్నాయి. పెద్దగది వాటికిచ్చి మేము వంటింట్లో సర్దుకున్నాం. రోజంతా మల్బరీ కొమ్మలు నరికి మోయడమే పని. అవి తింటుంటే పైకప్పు మీద వాన పడుతున్నట్టుంటుంది. నా చేతులు చూస్తే గుర్తుపట్టలేవు, మోడులయ్యాయి. బాదంగింజల నూనె రాసి పాతగుడ్డ చుట్టుకుని పడుకుంటున్నాను. మిల్లులో నీ చేతులకి కూడా అలా చెయ్యి. తలకి పెరుగు పట్టించడం మానకు. హాస్టల్లో సబ్బు పెడితే జుట్టు గడ్డి అయిపోతుంది.

నువ్వు అడిగిందానికి వస్తాను. అడక్కపోయినా నువ్వు తెలుసుకోవలసింది ఒకటుంది, అది ముందు రాస్తాను. దర్జీ ఇంటి పిల్ల జైనూరాకి జూన్‌లో పెళ్లి. వాళ్లమ్మ మిఠాయి పళ్లెం పట్టుకుని వచ్చింది, కూతురి మొహానికి మొదటి దారం వెయ్యడానికి రమ్మని అత్తయ్యని పిలవడానికి. అత్తయ్య పళ్లెం మీద గుడ్డ కూడా తియ్యలేదు. "నా చెయ్యి బాగాలేదమ్మా" అంది. "మోకాలు కదా బాగాలేనిది?" అంది ఆవిడ. "చెయ్యి కూడా" అంది అత్తయ్య. ఆవిడ వెళ్లాక దారపు ఉండ, బూడిద డబ్బీ, చిన్న అద్దం ఒక గుడ్డలో కట్టి పెట్టె అడుగున పెట్టేసింది. పేటలో ఒకరిద్దరు అంటూనే ఉన్నారు, తన కూతురి నుదురు కాపాడుకోలేని చెయ్యి మన పిల్ల నుదుటి మీద పడితే ఎలాగ అని. అది అత్తయ్య చెవిన పడింది. పడేలాగే అన్నారు.

ఇక నువ్వు అడిగింది. చెప్పలేను హోసియత్. ఎందుకు చెప్పలేనో కూడా చెప్పలేను. నన్ను రాక్షసి అనుకో.

కానీ నువ్వు వంకరగా రాయడం నేర్చుకోలేదన్నావు కదా. మరి ఒక మాట ఎందుకు వదిలేశావు? నేను రెండే అన్నాను. రెండు తీసి ఆగాను. ఆగి చిన్న అద్దం నీ చేతికిచ్చాను. అద్దంలో చూసుకుని "ఇంకొంచెం" అన్నది ఎవరు? "ఇంకొంచెం వదినా, నన్నెవరు చూస్తారు" అని, కళ్లు మూసుకుని మొహం పైకెత్తింది ఎవరు?

ఈ ఉత్తరం చదివాక పొయ్యిలో వేసెయ్యి. ఎండు ఆప్రికాట్లు విడిగా పంపుతున్నాను.

సనోబర్


దుషన్‌బే, నూలుమిల్లు హాస్టల్
మే రెండోవారం

అన్నాను. "ఇంకొంచెం" అన్నాను. రాయకుండా వదిలేశాను. ఇప్పుడు రాశాను, చూసుకో.

ఎందుకన్నానో కూడా రాస్తాను. రాయకపోతే నువ్వు నీకు నచ్చినట్టు ఊహించుకుంటావు. ఇక్కడ నా పక్క యంత్రం మీద పట్నం పిల్లలు పనిచేస్తారు. పెళ్లి కాకపోయినా వాళ్ల కనుబొమలు సన్నగా, గాలికి వంగిన గడ్డిపోచల్లా ఉంటాయి. వాళ్లు మాట్లాడుతుంటే ఎదుటివాళ్లు వాళ్ల మొహంలోకి చూస్తారు. నాతో మాట్లాడేటప్పుడు మాత్రం నా చేతుల వైపో యంత్రం వైపో చూస్తారు. హాస్టల్ గదిలో నేను తలకి పెరుగు పట్టిస్తే కిటికీలు తెరిచేవాళ్లు. "ఎవరో పాడి మొదలెట్టారు, దూడకి గడ్డి వెయ్యండర్రా" అనేవాళ్లు. నేను విననట్టు తల తుడుచుకునేదాన్ని. ఆ రోజు నీ అద్దంలో చూసుకుంటే, రెండు వెంట్రుకలకే నా కళ్లు తెరుచుకున్నట్టనిపించింది. ఎవరో నా మొహం మీది తడక తీసేసినట్టు. ఆ సంతోషం ఇంకొంచెం కావాలనిపించింది. అదే నా తప్పు. ఆకలేసినవాడు ఇంకో రొట్టె అడిగితే అది తప్పా అని నన్ను నేనే అడుగుతున్నాను. అడిగిన ప్రతిసారీ అమ్మ నా తలగుడ్డ లాగి ముడేసిన చెయ్యి గుర్తొస్తుంది. జవాబు మారిపోతుంది.

సరే. నాది ఒప్పుకున్నాను. అయినా లెక్క సరిపోదు వదినా. నేను అడిగాను, నువ్వు చేశావు. తప్పు ఇద్దరిదీ. శిక్ష మాత్రం అమ్మకి. ఆవిడ దారం పెట్టె అడుగుకి చేరింది. నువ్వు మోకాలికి నూనె రాస్తున్నావట. పగిలింది ఒకటైతే నూనె రాసేది ఇంకోదానికి.

ఆ కూడికలో నేనెందుకు నోరు విప్పలేదని నీకు అనుమానం రాలేదా? నీ పేరు చెబితే, నువ్వు అద్దం సంగతి చెప్తావని భయపడ్డాను. నా సిగ్గు నీ అబద్ధాన్ని కాపాడింది. ఇది తలుచుకుంటే నీ మీది కంటే నా మీదే ఎక్కువ కోపం వస్తుంది.

వెంట్రుకలు కోతకోసిన గోధుమ మడిలా మొలుస్తున్నాయి. తలగుడ్డ నుదుటి మీదికి దించి కట్టుకుని పనికి పోతున్నాను. మేస్త్రీ "ఏం హోసియత్, బందిపోట్లలో చేరావా?" అంటాడు. ఆడపిల్లలు మాత్రం నన్నేమీ అడగరు. అడగడం మానేశారు. ఎందుకు మానేశారో రాయను.

ఆప్రికాట్లు అందాయి. తిన్నాను. తిన్నంత మాత్రాన మెత్తబడలేదు. ఎందుకు చెప్పలేవో చెప్పు.

హోసియత్


కానిబదామ్
మే చివరివారం

నా కూతురు హోసియత్‌కు. రాసేది నీ వదిన. మాటలు నావి, నీ తల్లివి.

నిన్న ఆకుకూరలమ్మే వీధిలో ఉల్లికాడలు బేరమాడుతున్నాను. సవ్రి వాళ్లమ్మ వెనకనించి వచ్చి వాటేసుకుంది. సవ్రి నీతోపాటు మిల్లులోనే ఉంటుంది కదా. "ముబారక్ అక్కా, ముబారక్! మాకు చెప్పకుండా ఎంత గుట్టుగా చేశారే! అల్లుడు సైన్యంలో ఉన్నాడటగా? పొడగరా? ఏ ఊరివాళ్లు?" అని ముద్దులు పెట్టేస్తోంది. ఉల్లికాడలవాడు కూడా "ముబారక్ తల్లీ" అని రెండు కాడలు ఎక్కువేశాడు.

నేను ఏం చెయ్యాలి? నువ్వే చెప్పు. "నాకు అల్లుడూ లేడు, గిల్లుడూ లేడు" అంటే, నా కూతురు అబద్ధాలకోరని నేనే చాటింపు వేసినట్టు. "ఉన్నాడు" అంటే? నా నోటి నుంచి ఏం వచ్చిందో తెలుసా? "నీ నోరు చల్లగుండా" అన్నాను. అంటే ఒప్పుకున్నట్టేగా. బజారు మధ్యలో నిలబడి, లేని అల్లుడికి నేను అత్తనయ్యాను. ఆ రెండు కాడలు ఇంటికి తెచ్చి మేక ముందు పడేశాను. నాకు తినబుద్ధి కాలేదు.

నలభై ఊళ్ల పెళ్లికూతుళ్ల మొహాలు ఈ చేతిలో వెలిగాయి. దారం పడ్డప్పుడు పిల్ల కంట్లో నీళ్లు తిరుగుతాయి. నేను వాళ్ల చెవిలో "ఏడిస్తే ఏడువు తల్లీ, ఈ నొప్పి మంచి నొప్పి" అంటాను. నీ చెవిలో ఆ మాట అనే రోజు కోసం ఎదురుచూశాను. ఆ రోజు నా దగ్గర్నుంచి ఎవరో పట్టుకుపోయారు. ఎవరో నేను అడగను. పెళ్లి చేసుకున్నావా లేదా? చేసుకుంటే ఆ అబ్బాయిని నా ముందు నిలబెట్టు, కొట్టనులే. చేసుకోకపోతే ఎందుకన్నావ్? నీ మొహానికి దారం ఎవరేశారో చెప్పకపోయినా పర్లేదు. మొగుడెవరో చెప్పు.

జైనూరా తల్లి ఇంకోసారి వచ్చింది. పాపం, ఇంకెవరినీ పిలవలేదట. పెళ్లయిన మూడోనాడు మొహం చెయ్యాలి. దానికి ముందొచ్చే శుక్రవారం దాకా చూస్తానంది, ఆపైన గట్టు అవతలి వీధి ఆవిణ్ణి పిలుస్తారు. పిలవనీ. ఆవిడ చెయ్యి బరువు, పిల్లకి మంట పెడుతుంది. అది నా తప్పు కాదు.

వేళకి తిను.

అమ్మ

పై మాటలు అత్తయ్యవి. ఒక్కటి కూడా మార్చలేదు. "ఎవరో పట్టుకుపోయారు, ఎవరో నేను అడగను" అన్నప్పుడు అత్తయ్య నా వేళ్ల వైపే చూస్తోంది. కలం అక్కడే ఆగి సిరా చుక్క రాలింది. మరక చూస్తే నీకు తెలుస్తుంది. ఇప్పుడు మల్బరీ కొమ్మలకి వెళ్లింది. ఎందుకు చెప్పలేనో అడిగావు కదా, త్వరగా రాస్తాను.

ఈ శరత్తులో అత్తయ్య నా చేతికి దారం ఇస్తానంది. పేట ఆడవాళ్లని పిలిచి, చేతులెత్తి దీవించి ఇస్తుందట. "నా తర్వాత నువ్వే" అంది. నా పుట్టింట్లో ఎవరూ నన్ను దేనికీ "నువ్వే" అనలేదు. దీవెన లేకుండా దారం పట్టడం అంటే దొంగతనమే, అది నాకు తెలుసు. కానీ దీవెన రోజున అందరి ముందు చెయ్యి వణికితే? అందుకే దొంగగా నేర్చుకోవాలనుకున్నాను. చలికాలమంతా నా పిక్కల మీద వెంట్రుకలతో సాధన చేశాను. నేను పట్టుకున్న మొదటి మొహం నీది. ఆ కూడికలో అత్తయ్య నా వైపు చూసినప్పుడు నాకు నువ్వు కనబడలేదు, ఆవిడా కనబడలేదు. శరత్తు కనబడింది. అది జారిపోతోందనిపించింది. నోరు దానంతటదే తెరుచుకుంది.

సిగ్గుగా ఉంది. నువ్వు పనికి వెళ్లేటప్పుడు తలగుడ్డ దించుకుంటున్నావని చదివినప్పటి నుంచి నేనూ తలెత్తి నడవలేకపోతున్నాను. కానీ ఒక్కటి చెప్పనీ. నేను ఒక్క అబద్ధం ఆడానని నాకు సలాము కూడా మానేశావు. నువ్వేమో ఏకంగా ఒక మొగుణ్ణే పుట్టించావు! వాడికి సైన్యంలో ఉద్యోగం కూడా ఇప్పించావు. ఇంతకీ పొడగరా?

సనోబర్


దుషన్‌బే, నూలుమిల్లు హాస్టల్
జూన్ మొదటివారం

పొడగరే. ఎత్తు అడిగితే చెప్పాను. పేరడిగితే చెప్పాను. ఊరడిగితే, ఎవరూ వెళ్లని ఊరి పేరు చెప్పాను. నవ్వుకో వదినా, నవ్వుకున్నాక మిగతాది చదువు.

ఊరినించి వచ్చిన మర్నాడు పొద్దున హాస్టల్ నీళ్ల గదిలో మొహం కడుక్కుంటున్నాను. తలగుడ్డ భుజం మీదికి జారింది. సవ్రి నా మొహం చూసి కేక పెట్టింది. "ఓ పిల్లా! ఓ పిల్లా! అయిపోయిందా?" అని గంతులేస్తూ వాటేసుకుంది. మన వైపు పిల్లలందరూ చేరారు. ఒకత్తి బకెట్టు బోర్లించి తాళం మొదలెట్టింది. నా నోటి నిండా పళ్లపొడి నురగ ఉంది. ఉమ్మేసి "కాదు" అంటే సరిపోయేది. కానీ "కాదు" అంటే తర్వాతి ప్రశ్న "మరి ఎవరు పీకారు, ఎందుకు?" పెళ్లికాని పిల్ల మొహం అలా ఉంటే మనవాళ్లు ఏమనుకుంటారో నాకు తెలుసు, నీకూ తెలుసు. ఆ నురగ మింగేశాను. మింగి తలూపాను.

అంతే, నా బతుకు మారిపోయింది. మంచిగా మారింది, అదే దరిద్రం. గాలి తగిలే కిటికీ పక్క మంచం నాకిచ్చారు. పెళ్లయినవాళ్లు పొద్దున టీకి నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నారు. పట్నం పిల్లలు నా తలకి పెరుగు పట్టిస్తే ఏమీ అనలేదు, "పెళ్లికూతురు కదా" అన్నారు. మా బ్యాచ్ అంతా కలిసి పువ్వుల టీకెటిలూ పియాలాలూ కొనిచ్చారు. సవ్రి ఆ సైనికుడికి ఊలు మేజోళ్లు అల్లడం మొదలెట్టింది. నేను నీకు పేజీల పేజీలు తిట్లు రాసింది ఆ కిటికీ పక్క మంచం మీద కూర్చునే. నువ్వు చేసిన అన్యాయం గురించి రాస్తూ, నేను చేసినదాని మీద పరుపు వేసుకుని పడుకున్నాను.

అమ్మ ఉత్తరం చదివాక ఆ మంచం మీద కూర్చోలేకపోయాను. ఉల్లికాడలు మేకకి వేసిందట. అమ్మ ఏ రోజైనా తిండి వస్తువు పారేసిందా? నీదీ నాదీ అమ్మదీ, మూడు అబద్ధాలకీ మొదలు ఒక్కటే: నీ దగ్గరా నా దగ్గరా సగం సగం ఉంది. అమ్మది అబద్ధం కూడా కాదు, మన అబద్ధం ఆవిడ నోట్లో పడింది.

నిన్న భోజనాల గదిలో లేచి నిలబడి చెప్పేశాను. గొప్పగా ఏం చెప్పలేదు. "నాకు పెళ్లి కాలేదు. మొగుడు లేడు. ఊళ్లో ఒకరు దారం వేశారు, నేనే ఇంకొంచెం అన్నాను. సిగ్గుపడి మీకు అబద్ధం చెప్పాను" అన్నాను. టీకెటిల్ బల్ల మీద పెట్టాను. చెంచాల చప్పుడు కూడా ఆగిపోయింది. ఎవరో కిసుక్కుమన్నారు. ముందుగా మాట్లాడింది సవ్రి.

"మరి మేజోళ్లు?"

"ఏ మేజోళ్లు?" అన్నాను కంగారులో.

"ఒకటి పూర్తయింది, రెండోది మడమ దాకా వచ్చింది. ఇప్పుడు వీటిని ఎవడికి తొడగాలి, నీ బుర్రకా?"

కొందరు నవ్వారు. సవ్రి నవ్వలేదు. సగం మేజోడు విప్పి ఉండ చుట్టుకుంది, నా వైపు చూడకుండా. కిటికీ పక్క మంచం వదిలేసి తలుపు పక్క పాత మంచానికి వచ్చేశాను. పట్నం పిల్ల ఒకత్తి దగ్గరికొచ్చి "కనుబొమలు పీకడానికి పెళ్లెందుకు?" అంది. "మా అమ్మని అడిగి చెప్తాను" అన్నాను. నాలో ఒక ముల్లు వదిలింది. ఇంకొకటి ఉంది. అది కానిబదామ్‌లో ఉంది.

కాబట్టి ఇప్పుడు వినిపించుకో. సెలవు పెట్టాను. జైనూరా మొహం చేసే రోజున వస్తున్నాను. ఆడవాళ్లందరూ ఉంటారు, సవ్రి వాళ్లమ్మా ఉంటుంది, హమ్రో ముసలమ్మ నా గడ్డం పట్టుకోవడానికి సిద్ధంగా ఉంటుంది. తలగుడ్డ వెనక్కి కట్టుకుని కూర్చుంటాను. మొలిచినంత మొలిచాయి, ఉన్నవి ఉన్నట్టు చూసుకోనీ. ఇక్కడ చెప్పిందే అక్కడా చెప్తాను: పెళ్లి కాలేదు, సైనికుడు లేడు, మా అమ్మకి ఏ పాపం తెలియదు, బజారులో ఆవిడ నా పరువు కోసం నోరు కట్టుకుంది, ఇంకొంచెం అన్నది నేనే.

నీ పేరు చెప్పను. ఎవరు పీకారని అడిగినా చెప్పను. కోపంతో మొదటి ఉత్తరంలో చాలా రాశాను, అందులో నీ చేత బలవంతంగా చెప్పించాలని ఉంది. ఇప్పుడు లేదు. బలవంతంగా చెప్పిన నిజం అమ్మకి పనికిరాదు. అమ్మకి నీ చెయ్యి తెలుసు. నీ వేళ్ల వైపు చూసి "ఎవరో నేను అడగను" అందంటే అర్థం ఏమిటి? నువ్వు రాసిన ఉత్తరంలో నీకే అర్థం కాలేదా? ఆవిడ దారం ఎవరికివ్వాలో తేల్చుకోలేక కాదు పెట్టె అడుగున పెట్టింది. ఎవరైనా వచ్చి తెరిచి తన చేతికిస్తారని చూస్తోంది.

నేను నాది చెప్పాక గది నిశ్శబ్దంగా అయిపోతుంది. ఆ నిశ్శబ్దం ఎలా ఉంటుందో నిన్న చూశాను, మనిషిని తినేస్తుంది. ఆ నిశ్శబ్దంలో నువ్వు లేచి, నీది నువ్వు చెప్పాలి. చెప్పి, పెట్టెలోని మూట తెచ్చి, అందరి ముందూ అమ్మ ఒళ్లో పెట్టాలి. శరత్తులో ఆ దారం నీకిస్తుందో లేదో నాకు తెలియదు, ఇవ్వకపోవచ్చు. ఆ భయంతోనే చెప్పు. భయం లేకుండా చెబితే అది చెప్పడం కాదు.

చెప్పలేకపోతే వద్దు. నేను ఒక్కదాన్నే నిలబడతాను, అలవాటవుతోంది. కానీ నా పక్కన ఎవరైనా ఉంటారో లేదో నాకు ముందే తెలియాలి. ఈసారి వాతావరణం, పురుగులు, మోకాలు, ఆప్రికాట్లు ఏమీ వద్దు. ఒక్క మాట రాయి: లేస్తావా, లేవవా. లేస్తానంటే, ఇంకెవరినీ పిలవకుండా ఆ రోజు దాకా ఆగమని జైనూరా వాళ్లమ్మకి నువ్వే చెప్పు.

జైనూరా వాళ్లమ్మ గట్టు అవతలి ఆవిణ్ణి పిలవకముందే, వచ్చే శుక్రవారం టపాలోపు, ఆ మాట నా చేతికి అందాలి.

హోసియత్